సున్నా వేరు, ఖాళీ వేరు

మ్యాపు తెరవగానే అందరి కళ్లూ రంగుల మీదికి పోతాయి. ఎర్రగా ఉంటే వాన లేని మండలం, నీలంగా ఉంటే బాగా పడిన మండలం. ఆ రంగు వెనక ఒక టేబుల్ ఉంటుంది, అందులో ఊరికో రో. ఆ రోలను పైథాన్‌తో ఒక్కొక్కటిగా చదవడం నా పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. జీఐఎస్ నేర్చుకునే పిల్లలు దీన్ని దాటేసి నేరుగా రంగుల దగ్గరికి వెళ్లిపోతుంటే మనసు ఒప్పుకోదు.

చదవడం కష్టమేమీ కాదు. ఆర్క్‌జీఐఎస్‌లో సెర్చ్ కర్సర్ ఉంది. 2012లో వచ్చిన 10.1 వెర్షన్ నుంచి అది బాగా వేగం పుంజుకుంది. టేబుల్ ఏదో చెప్పి, కావలసిన ఫీల్డుల పేర్లిచ్చి, ఒక ఫర్ లూప్ రాస్తే, అడిగిన వరుసలోనే విలువలు వచ్చేస్తాయి. క్యూజీఐఎస్‌లో ఆ పని గెట్‌ఫీచర్స్ చేస్తుంది. ఎక్కడైనా అవసరమైనంతే అడగాలి. ఊరి పేరు, వర్షపాతం చాలనుకున్నప్పుడు సరిహద్దు గీత మొత్తం లాగితే స్క్రిప్ట్ నత్తనడక నడుస్తుంది. ఇంకో సంగతి, కర్సర్ ముందుకే పోతుంది. చివరిదాకా వెళ్లాక రీసెట్ చేయకుండా మళ్లీ లూప్ తిప్పితే ఒక్క రో రాదు, ఎర్రర్ కూడా రాదు.

అసలు సంగతి విలువల్లో ఉంది. జూన్ వర్షపాతం టేబుల్ నుంచి కొన్ని రోలు ప్రింట్ చేశామనుకోండి. కొత్తపల్లి 84.2, రామాపురం 0.0, వెంకటాపురం 79.6. మూడూ ఆనుకుని ఉన్న ఊళ్లే. నెలంతా రామాపురంలో చినుకే పడలేదా? పడే ఉంటుంది. కొలత అందలేదంతే. షేప్‌ఫైల్ వెంట వచ్చే డీబీఎఫ్ టేబుల్ పాత డీబేస్ కాలం నాటిది. జియోడేటాబేస్‌లో ఖాళీగా ఉన్న అంకెల గడి, షేప్‌ఫైల్‌గా మార్చగానే చాలాసార్లు సున్నా అయి కూర్చుంటుంది. ఖాళీ ఖాళీగానే ఉంటే పైథాన్ దాన్ని ‘నన్’ అని చూపిస్తుంది, కూడబోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. సున్నా అలా ఆపదు. ఆ మూడు ఊళ్ల సగటు 54.6 అని వస్తుంది. రామాపురాన్ని పక్కన పెడితే 81.9. మండలానికి రంగు పడేది ఈ సగటు మీదే.

అక్షాంశ రేఖాంశాల్లో తేడా వస్తే మ్యాపే పట్టిస్తుంది. హైదరాబాద్ 17.38, 78.48 తారుమారైతే ఊరు వెళ్లి నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో పడుతుంది. రెండూ సున్నాలైతే ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖ నీళ్లలో తేలుతుంది. ఆ చోటుకు మ్యాపులవాళ్లు నల్ ఐలాండ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. వర్షపాతం సున్నాను మ్యాపు పట్టివ్వదు. రో చదివితేనే దొరుకుతుంది.

మన దగ్గర ఈ ఖాళీలు పుట్టడానికి మరో దారి ఉంది. 2011 జనగణన టేబుల్‌లో మంచిర్యాల ఆదిలాబాద్ జిల్లాలో ఉంటుంది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత టేబుల్‌ను కొత్త దానితో జిల్లా పేరు, ఊరి పేరు పట్టుకుని కలపబోతే ఎన్నో ఊళ్లు జత కుదరవు. రామాపురాలు ఎన్ని లేవు! ఇంగ్లీషు స్పెల్లింగ్ టేబుల్‌కో రకం. జత కుదరనివి ఖాళీలవుతాయి, ఆ ఖాళీలే షేప్‌ఫైల్‌లోకి వెళ్లి సున్నాలవుతాయి. గ్రామ కోడ్‌తో కలిపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

మ్యాపులు తయారుచేసే మిత్రులకు నా విన్నపం ఒకటే. సగటు తీసే ముందు ఒక ఇరవై రోలు ప్రింట్ చేసి కళ్లతో చదవండి. కొలత అందని ఊళ్లకు వేరే రంగు వేయండి, అవి ఎన్నో మ్యాపు కిందే అంకె వేసి చెప్పండి.