శిశువు మెదడు, మందు వేళ: ఒక పరిశోధనపై విమర్శ

రోగికి ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఇవ్వాలన్న ప్రశ్న కూడా అంత ముఖ్యమైనదే. తల్లినుండి హెచ్.ఐ.వి. సోకిన శిశువుల విషయంలో ఈ రెండవ ప్రశ్నకు దక్షిణాఫ్రికాలో జరిగిన 'చెర్' అనే పరిశోధన సమాధానం చెప్పినది. ఆ సమాధానం ఎంతవరకు చెల్లుతుందో పరిశీలించడం అవసరం.

ఈ వైరస్ సాధారణంగా నాడీకణాలలో స్థిరపడదు. మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షక కణాలలో తిష్ఠ వేస్తుంది. ఆ కణాలనుండి వెలువడే విషపదార్థాలవల్ల పొరుగున ఉన్న నాడీకణాలు దెబ్బతింటాయి. శైశవంలో మెదడు అతివేగంగా పెరుగుతుంది; నాడీతంతువులపై మైలిన్ తొడుగు చురుకుగా ఏర్పడేది కూడా అప్పుడే. పచ్చిగోడపై కురిసిన వానకూ, ఆరిన గోడపై కురిసిన వానకూ ఎంత భేదమో, ఇక్కడా అంత భేదం ఉన్నది.

సొవెటో, కేప్‌టౌన్‌లలో 6 నుండి 12 వారాల వయస్సుగల 377 మంది శిశువులను చీట్లు తీసినట్లుగా విభజించినారు. 252 మందికి వెంటనే మందులు ఇచ్చినారు. మిగిలిన 125 మంది విషయంలో, ఆనాటి వైద్యనియమాల ప్రకారం, వ్యాధి ముదిరిన గుర్తులు కనిపించేవరకు ఆగినారు. ఆగిన వర్గంలో నూటికి 16 మంది, మొదటి వర్గంలో నూటికి నలుగురు మరణించినారు. 2008లో ఈ ఫలితాలు వెలువడినవి. ఏడాదిలోపు శిశువులందరికీ వెంటనే చికిత్స ప్రారంభించాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ సంవత్సరమే సూచించినది.

మరి మెదడు సంగతి? కేప్‌టౌన్ శిశువులను సుమారు 11 నెలల వయస్సులో గ్రిఫిత్స్ కొలబద్దతో పరీక్షించి, ఫలితాలను 2012లో ప్రకటించినారు. వెంటనే మందు పొందినవారి సగటు సుమారు 106. ఆగినవారిది సుమారు 100. కాళ్లూచేతుల కదలికలలో వెనుకబాటు మరింత స్పష్టంగా కనిపించినది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. బ్రతికి ఉన్న పిల్లలనే కొలవగలం. మరణించినవారు సగటులో చేరరు. కనుక ఆలస్యంవల్ల కలిగిన నష్టం ఈ ఆరు అంకెల భేదంకన్న ఎక్కువే కావచ్చును. ఇక 11 నెలల శిశువు పాకడం, పట్టుకోవడం చూపగలడు. చదువూ లెక్కలూ చూపలేడు. ఐదేళ్ల వయస్సులో తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రాలలో, తొలినాళ్లలోనే మందు పొందిన పిల్లల మెదడులో సహితం శ్వేతద్రవ్యపు తేడాలు కనిపించినవి. మంచి సగటును చూచి మెదడు సంపూర్ణంగా క్షేమమనడం తొందరపాటు.

థాయిలాండ్, కంబోడియాలలో 1 నుండి 12 ఏళ్ల పిల్లలపై జరిగిన పరిశోధనలో, వెంటనే మందు ఇచ్చినవారికీ ఆగినవారికీ మానసిక వికాసంలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. ఇరువర్గాలూ వైరస్ సోకని పిల్లలకంటె వెనుకబడినవి. ఇది మొదటి పరిశోధనను ఖండించునా? ఖండించదు. అక్కడ చికిత్స మొదలయ్యేనాటికే గోడ ఆరిపోయినది. రెండింటినీ కలిపి చదివితేనే మందు వేళ విలువ బోధపడుతుంది.

నేడు ఈ పిల్లలు మందులు వాడుతూ బడికి వస్తున్నారు. వారెవరో ఉపాధ్యాయుడు తెలుసుకోనక్కరలేదు. ఆరా తీయనూ కూడదు. పాఠం ఆలస్యంగా అబ్బే ప్రతి విద్యార్థినీ సోమరి అని తీర్పు చెప్పకుండా, మరొకసారి ఓర్పుతో చెప్పినచో చాలును. మందు చేయలేని పని కొంత బడి చేయగలదు.