ఇచ్చిన పాట, తీసుకున్న పాట

ఉచితం అన్న మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆడవాళ్ల చాకిరీ. అందుకే అమెరికన్ గాయని జానిస్ ఇయాన్ 2002లో రాసిన 'ది ఇంటర్నెట్ డిబాకిల్' వ్యాసాన్ని అనుమానంతోనే చదివాను. నాప్‌స్టర్ 2001లో మూతపడింది. పాటలు పంచుకోవడం దొంగతనమని రికార్డు కంపెనీలు గగ్గోలు పెడుతున్న రోజులవి. ఉచిత డౌన్‌లోడ్ల వల్ల కొత్త శ్రోతలు దొరుకుతారని, సీడీలూ అమ్ముడుపోతాయని ఆమె వాదించింది. తన పాటలు కొన్నిటిని తనే ఉచితంగా పెట్టింది.

అయితే 1975లోనే 'ఎట్ సెవెన్టీన్'తో పేరు తెచ్చుకున్న గాయనికున్న వీలు, ఇప్పుడిప్పుడే పాడుతున్న అమ్మాయికి ఉంటుందా? ఈ తేడాని ఆమె తక్కువగా అంచనా వేసిందనిపిస్తుంది.

అయినా ఆ వ్యాసం నాకు విలువైనదే. ఇవ్వాలా వద్దా అన్నది అక్కడ కంపెనీ కాదు, పాడినామె తేల్చుకుంది. సాంకేతికత మంచిదా చెడ్డదా అన్నదానికన్నా ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఆమె ఇస్తే అది కానుక. అడక్కుండా తీసుకుంటే మళ్లీ చాకిరీయే.