హారిస్ రాంచ్ దాకా గాలిలో దారి

కాలిఫోర్నియాలో ఐ-5 హైవే పక్కన, కోలింగా ఊరికి దగ్గర్లో హారిస్ రాంచ్ అని ఒక రెస్టారెంటు ఉంది. దానికి సొంతంగా సన్నటి రన్‌వే కూడా ఉంది. శని, ఆదివారాల్లో శాన్ హోసే తూర్పు భాగంలోని రీడ్-హిల్‌వ్యూ లాంటి చిన్న విమానాశ్రయాల నుంచి సెస్నాలు వచ్చి అక్కడ వాలతాయి. పైలట్లు భోంచేసి తిరుగుముఖం పడతారు. ఇలాంటి ప్రయాణాలకు అమెరికా పైలట్లు పెట్టుకున్న పేరు ‘వంద డాలర్ల హాంబర్గర్’. తిండికన్నా ఇంధనానికే ఎక్కువవుతుంది మరి. అయినా వెళ్తారు. తమ దారి తామే కనుక్కుంటూ వెళ్ళడంలో ఉన్న తృప్తి అలాంటిది.

ఐప్యాడ్ ఉండగా కనుక్కునేదేముంది అనిపించవచ్చు. ఫోర్‌ఫ్లైట్ లాంటి యాప్‌లో విమానాశ్రయం కోడ్ కొడితే చాలు, తెర మీద మెజెంటా రంగు గీత పడుతుంది. గాలి, ఇంధనం, చేరే సమయం, చుట్టూ ఎగురుతున్న విమానాలు, అన్నీ అందులోనే. పౌరులకిచ్చే జీపీఎస్ సంకేతాన్ని కావాలని మసకబరిచే పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో మానేసింది. దాంతో ఈ పరికరాల కచ్చితత్వం ఎంతో పెరిగింది. తెలియక నిషిద్ధ గగనతలంలోకి దూరకుండా ఇవి కాపాడతాయి కాబట్టి వీటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ తెర చెప్పేది ఒప్పో తప్పో తేల్చుకోవాలంటే, దాన్ని చూడకముందే మన దగ్గర ఒక అంచనా ఉండాలి. ఆ అంచనా వేయడమే చిన్న విమానాల వాళ్ళు తరతరాలుగా నేర్పుతున్న విద్య.

అది నేల మీదే మొదలవుతుంది. పైలట్లు వాడే పటమైన సెక్షనల్ చార్టు అయిదు లక్షలకు ఒకటి కొలతలో ఉంటుంది. ఒక సెంటీమీటరంటే అయిదు కిలోమీటర్లు. రీడ్-హిల్‌వ్యూ నుంచి నేరుగా గీత గీస్తే కొండల మీదుగా పోతుంది. గిల్రాయ్ మీదుగా పచేకో కనుమ దాటి, శాన్ లూయిస్ జలాశయం దగ్గర మలుపు తిరగడం తేలిక. అంత పెద్ద నీటిని చూసి మరొకటనుకోవడం కష్టం. అక్కడి నుంచి హారిస్ రాంచ్‌కు సుమారు 63 నాటికల్ మైళ్ళు, దిశ 140 డిగ్రీలు. ఆ ప్రాంతంలో అయస్కాంతపు ఉత్తరం అసలు ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు తూర్పున ఉంటుంది కనుక, ఆ మేరకు తీసేస్తే కంపాస్ లెక్కలో 127. వేగం 110 నాట్లయితే 34 నిమిషాలు. గాలిని లెక్కలో కలపడానికి ఈ6బీ అనే గుండ్రటి స్లైడ్‌రూలు ఉంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఫిలిప్ డాల్టన్ రూపొందించిన ఆ పరికరాన్ని విద్యార్థులు నేటికీ తిప్పుతూనే ఉన్నారు.

గాల్లోకి వెళ్ళాక ముందు చూడాల్సింది కిటికీలోంచి. జలాశయం దాటగానే గడియారం చూసి టైము రాసుకుంటారు. హైవే, కాలిఫోర్నియా ఆక్విడక్ట్ కాలువ ఆగ్నేయంగా సాగుతూ తోడొస్తాయి. 30 మైళ్ళు వెళ్ళాక, అనుకున్న గీతకు రెండు మైళ్ళు ఎడమగా ఉన్నామని కింద గుర్తులను బట్టి తేలిందనుకుందాం. అరవై మైళ్ళకు ఒక మైలు తప్పితే ఒక డిగ్రీ తేడా అని లెక్క. అంటే మనం తప్పింది నాలుగు డిగ్రీలు. కుడికి నాలుగు తిప్పితే గీతకు సమాంతరంగా పోతాం, అంతే. మిగిలిన దూరం కూడా దాదాపు అంతే కాబట్టి ఇంకో నాలుగు కలిపి ఎనిమిది తిప్పితే రన్‌వే దగ్గర తేలతాం. ఈ చిన్న లెక్క మనసులోనే అయిపోతుంది. అది సరిపోయిందని కళ్ళతో చూసినప్పుడు కలిగే ఆనందం తెర ఇవ్వలేదు.

దారికి దగ్గర్లోనే పనోచే వీఓఆర్ కేంద్రం ఉంది. వీఓఆర్‌లు 1940ల నాటి రేడియో సాధనాలు. ఫ్రీక్వెన్సీ పెట్టగానే సూదిని నమ్మకూడదు. ముందు మోర్స్ కోడ్‌లో దాని పేరు వినాలి: పీ, ఎక్స్, ఎన్. ఆ తర్వాత గుండీని మెల్లగా తిప్పుతూ, ‘ఫ్రమ్’ అని చూపిస్తూ సూది మధ్యకొచ్చేలా చేస్తే, ఆ కేంద్రం నుంచి మనం ఏ దిశలో ఉన్నామో తెలుస్తుంది. చార్టు మీద ఆ గీత గీసి, సాలినాస్ కేంద్రం నుంచి ఇంకో గీత గీస్తే, రెండూ కలిసేచోట మన విమానం. ఇప్పుడు జీపీఎస్ వంక చూడాలి. కిటికీ, గడియారం, రేడియో, ఉపగ్రహం నాలుగూ ఒకే మాట చెబితే నిశ్చింత. ఒకటి వేరే మాట చెబితే ఎక్కడో తేడా ఉన్నట్టు.

తేడాలు వస్తూనే ఉంటాయి. ఎండ నేరుగా పడితే ఐప్యాడ్ వేడెక్కి ఆగిపోతుంది. సైన్యం జీపీఎస్ అంతరాయ పరీక్షలు జరిపే రోజుల్లో పైలట్లకు ముందుగా హెచ్చరికలు వస్తాయి. తెరనే నమ్ముకునే బెడద భారీ విమానాల పైలట్లకూ ఉంది: అమెరికన్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ వారెన్ వాండర్‌బర్గ్ 1997లో ఇచ్చిన శిక్షణ ప్రసంగంలో, ఆటోమేషన్‌కు అతుక్కుపోయిన పైలట్లను ‘మెజెంటా గీత పిల్లలు’ అన్నాడు. ఆ మాట నేటికీ శిక్షణ గదుల్లో వినిపిస్తుంది.

బే ఏరియాలో వారాంతాల్లో విమానం నేర్చుకోవాలని ఉబలాటపడే తెలుగువాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు సాధారణంగా కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో ఒంటరిగా 150 నాటికల్ మైళ్ళ ప్రయాణం ఒకటి, మూడుచోట్ల దిగుతూ. శిక్షకుడు ఒప్పుకుంటే, లాస్ బానోస్‌లో ఒకసారి దిగి హారిస్ రాంచ్ వెళ్ళొచ్చినా ఆ లెక్క సరిపోతుంది. అంతకుముందు శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇదే దారిలో ఒకసారి ఐప్యాడ్‌ను బోర్లించి వెళ్ళండి. ప్రతి గుర్తు దగ్గరా అంచనా టైమూ అసలు టైమూ పక్కపక్కన రాసుకోండి. దిగాక యాప్‌లో నమోదైన దారితో పోల్చి చూడండి.