మూడవసారి కలిగిన నిశ్చయము

ఒక మనిషిని చూపినప్పుడు రూఢిగా గుర్తింపలేని సాక్షి, అతనినే మూడవసారి చూపగా గుర్తించినచో, ఆ గుర్తింపు నేరస్థలములో చూచిన ముఖమునకు సంబంధించినదా, లేక మొదటి రెండుసార్లు చూపబడిన ముఖమునకు సంబంధించినదా? 1969లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన ‘ఫాస్టర్ వర్సెస్ కాలిఫోర్నియా’ అను దోపిడి కేసు అప్పీలులోని చిక్కు ఇదియే. తీర్పు సరియైనదే. కాని అందలి తర్కము సగము దారిలో ఆగిపోయినది.

కాలిఫోర్నియాలో ఒక వెస్టరన్ యూనియన్ తంతి కార్యాలయమును సాయుధులు దోచిరి. మరునాడు దొంగలలో ఒకడు తానుగా పోలీసులకు లొంగిపోయి, ఫాస్టరు పేరును మరియొకని పేరును బయటపెట్టెను. దొంగలు గాక, నేరమును కన్నులార చూచినవాడు రాత్రి పనిలోనున్న మేనేజరు ఒక్కడే. పోలీసులు అతనిని పిలిపించి ముగ్గురిని వరుసగా నిలిపి చూపిరి. ఫాస్టరు దాదాపు ఆరడుగుల పొడగరి. తక్కిన ఇద్దరు అయిదడుగుల అయిదారంగుళములవారు. పైగా ఫాస్టరు తొడిగిన తోలు కోటు దొంగ వేసికొన్నదానిని పోలియుండెను. ఇంత చేసినను, ఇతడే అనుకొందునని చెప్పెనేగాని మేనేజరు రూఢిపరుపలేకపోయెను. పిమ్మట అతడు కోరగా, ఫాస్టరును ఒక గదిలోనికి తెచ్చి బల్లకు అవతల ఎదురుగా కూర్చుండబెట్టిరి. అధికారులు తప్ప అక్కడ మరెవ్వరును లేరు. అప్పుడును సందేహము తీరలేదు. వారము పదిదినములు గడచిన తరువాత అయిదుగురితో మరియొక వరుసను ఏర్పరచిరి. మొదటి వరుసలోనివారిలో దీనిలోను నిలిచినవాడు ఫాస్టరు ఒక్కడే! ఈసారి మేనేజరునకు పూర్తి నమ్మకము కుదిరినది.

ఈ దోపిడిని గురించి ఫాస్టరునకు వ్యతిరేకముగా నిలిచినవి ఈ ఇద్దరి మాటలే. నేరములో పాలుపంచుకొన్నవాని మాటకు వేరొక సాక్ష్యము తోడు కావలెనని కాలిఫోర్నియా చట్టము. కావున మేనేజరు మాట ఎంత బరువు మోసినదో ఊహింపవచ్చును.

జస్టిస్ ఫోర్టాస్ వ్రాసిన తీర్పు శిక్షను రద్దుచేసి కేసును తిరిగి పంపినది. ఫాస్టరు నిర్దోషియని కోర్టు అనలేదు. ఇట్టి ఏర్పాట్లలో సాక్షి అతనినే గుర్తించుట దాదాపు తప్పనిసరియైనదనియు, పోలీసులు మాటిమాటికి వేలుపెట్టి చూపినట్లే అయినదనియు చెప్పినది. జస్టిస్ బ్లాక్ దీనికి సమ్మతింపలేదు. సాక్షిని నమ్ముటయో మానుటయో జ్యూరీ పని అని ఆయన వాదము. దీనిని తేలికగా తోసివేయరాదు. కాని జ్యూరీకి కనిపించునది సాక్షి నిబ్బరము మాత్రమే. బొంకువానిని అడ్డుప్రశ్నలతో పట్టవచ్చును. తాను చెప్పునది నిజమని మనసార నమ్మినవానిని పట్టుట ఎట్లు?

కోర్టు దృష్టి అంతయు పోలీసుల అన్యాయముపైననే నిలిచినది. రెండవ వరుసలోని అయిదుగురును ఆరడుగులవారై, అందరును తోలు కోట్లే తొడిగియున్నారనుకొందము. లోపము తీరునా? తీరదు. బస్సులో ఎదుటివానిని చూచి ‘ఎక్కడనో చూచితిమే’ అనుకొని, ఎక్కడనో తోచక తికమకపడుట అందరును ఎరిగినదే. ముఖము పరిచితమైనదను భావము నిలుచును. ఆ పరిచయము ఎక్కడ కలిగినదో జారిపోవును. జ్ఞాపకము ఫోటో కాదు. ఒక ముఖమును చూపి పరీక్షించినప్పుడెల్ల ఆ పరీక్షయే జ్ఞాపకములో కలిసిపోవును. అనుమానితుని విషయమున సాక్షి జ్ఞాపకమును ఒక్కసారి మాత్రమే పరీక్షింపవలెనని విక్స్‌టెడ్, వెల్స్, లాఫ్టస్, గారెట్ అను పండితులు 2021లో వ్రాయుటకు కారణ మిదియే.

విచిత్రమేమనగా, ఈ తీర్పు వచ్చిన మూడేండ్లకే, 1972లో, అదే కోర్టు ‘నీల్ వర్సెస్ బిగ్గర్స్’ కేసులో గుర్తింపు విశ్వసనీయతకు పెట్టిన అయిదు గురుతులలో సాక్షి చూపిన నిశ్చయమును ఒకటిగా చేర్చినది. చెడ్డ పద్ధతి పెంచిన నిశ్చయమే ఆ పద్ధతి వలన హాని లేదనుటకు రుజువగుచున్నది! 1998లో వెల్స్, బ్రాడ్‌ఫీల్డ్ చేసిన ప్రయోగములో, అసలు నేరస్థుడు లేని ఫోటోల నుండి ఒకనిని ఎన్నుకొన్నవారికి ‘భేష్, అనుమానితునే గుర్తించితిరి’ అని చెప్పగా, వారు మొదటినుండియు తమకు గట్టి నమ్మకము కలదనియు, దొంగను బాగుగా చూచితిమనియు చెప్పుకొనిరి.

అయినను నిశ్చయము పనికిమాలినది కాదు. నిష్పక్షపాతముగా జరిపిన మొదటి పరీక్షలో సాక్షి చూపు నిశ్చయమునకు, సందేహమునకు కూడ, మంచి విలువ కలదు. అందుచేతనే దానిని అప్పటికప్పుడు వ్రాసికొనవలెననియు, వరుసను చూపు ఉద్యోగికి అనుమానితు డెవరో తెలియరాదనియు అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తుల నివేదిక 2014లో సూచించినది. ఫాస్టరు కేసులో విలువైన సాక్ష్యము మేనేజరు మొదట చెప్పిన ‘అనుకొందును’ అను మాటయే.

మన దేశమున గుర్తింపు పెరేడు సాధారణముగ మేజిస్ట్రేటు ఎదుట జరుగును. దీనికి ఆధారమైన 1872 నాటి సాక్ష్య చట్టము 9వ సెక్షను స్థానములో, 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము 7వ సెక్షను వచ్చినది. కాని న్యాయస్థానములో ప్రమాణము చేసి చెప్పునదే అసలు సాక్ష్యము, పెరేడు దానికి ఊతము మాత్రమే. ముందు పెరేడు లేక, కోర్టులోనే మొదటిసారి గుర్తించుట బలహీనమని మన కోర్టులు పలుమార్లు అన్నమాట నిజమే. అయినను మనశ్శాస్త్రము మొదటి మాటకు పెద్దపీట వేయగా, చట్టము చివరి మాటకు వేయుచున్నది. పెరేడులో తడబడిన సాక్షి నెలలు గడచిన పిదప బోనులోని ఒంటరి మనిషిని చూచి ‘ఇతడే’ అన్నప్పుడు, ఆ తొలి తడబాటును యథాతథముగ వ్రాసిన కాగితము రికార్డులో లేనిచో, అడ్డుప్రశ్న వేయు వకీలునకు పట్టుకొనుటకు ఏమియు మిగులదు.