మహారాజుగారి పట్టిక
'కన్యాశుల్కము' పీఠికపై ఒక గుమాస్తా విమర్శ

ఈ సంచికకు సాహిత్య విషయమేదైన నాలుగు పుటలు వ్రాయుమని మన సంఘ కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, జీవితమంతయు గుమాస్తా కొలువులో నకళ్లు వ్రాసి, కూడికలు సరిచూచి, విశ్రాంతి పొందినవాడను. రసధ్వనుల జోలికి పోవు అర్హత నాకు లేదు. కాని పట్టికలను గూర్చి నాకు కొంచెము తెలియును. అందుచేత మన సాహిత్యమున సుప్రసిద్ధమైన ఒక పట్టికను గూర్చియే వ్రాయ సాహసించుచున్నాను.

కొరాపుట్, జయపురము, రాయగడ, గుణుపురములలోని మన తెలుగు కుటుంబములలో గిరీశము పేరు వినని ఇల్లు ఉండదు. నాటకము తెలిసినవారు పలువురు. దాని పీఠిక చదివినవారు మాత్రము కొలదిమంది. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడిన 'కన్యాశుల్కము' 1897లో అచ్చుపడినది. గురజాడ అప్పారావుగారు దానిని విజయనగర మహారాజు ఆనందగజపతిగారికి అంకితమిచ్చుచు ఇంగ్లీషున ఒక పీఠిక వ్రాసిరి. అప్పటికి పదేండ్ల క్రిందట మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహముల పట్టికను తయారు చేయించిన సంగతి అందు కలదు. తేలిన సంఖ్య 1,034. ఏటికి సగటున 344. వధువులలో 99 మందికి ఐదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు, ముగ్గురికి ఒక్క యేడు.

పాత అలవాటు చొప్పున నేను ఈ అంకెలను కూడి చూచితిని. ఐదేండ్లును అంతకు లోబడిన ప్రాయమును గల పెండ్లికూతుండ్రు 188 మంది. అనగా నూటికి పదునెనిమిదిమంది. తూగుటుయ్యెలలో నుండవలసిన పిల్లలు బేరపు లెక్కలలో నెక్కిరి. సొమ్ము పుచ్చుకొన్నవారు ఆ మాట ఒప్పుకొనుటకు ఇష్టపడరు గనుక ఈ పట్టిక సమగ్రము కాదని గూడ అప్పారావుగారే హెచ్చరించిరి. తన లెక్కలోని లోటును తానే చెప్పుట సత్యసంధుడైన లేఖకుని లక్షణము.

ఈ పట్టికలోని గొప్పతన మేమి? మహారాజులు దానములు చేయుట మనకు క్రొత్త కాదు. అన్నసత్రములు, అగ్రహారములు, కన్యాదానములకు కట్నములు మన చరిత్రలో కోకొల్లలు. ఒక పిల్లకు మేలుచేసిన ఆ పిల్ల బాగుపడును. ప్రక్కయింటి పిల్ల స్థితి మారదు. వేయింటిని లెక్కించి చూపినప్పుడు మాత్రము అది యొక ఇంటి దౌర్భాగ్యము గాక దేశాచారమని తేలును. దేశాచారమును మార్చుటకు శాసనము కావలెను. శాసనకర్తల ముందు కన్నీటికంటె అంకె బలమైన సాక్షి. ఆ పట్టికను శాసనము దృష్టిలో నుంచుకొనియే తయారు చేయించిరి. దాత తన ధనమును, పలుకుబడిని ప్రభుత్వ విధానమును మార్చుటకై వినియోగింప జూచిన తొలి తెలుగు ఉదాహరణములలో ఇది యొకటి యని నా అభిప్రాయము. కాని ఆ ప్రయత్నమునుండి చట్టము పుట్టలేదు. నాటకము పుట్టినది.

ఇక దోషముల మాట. మొదటిది హద్దు. ఆ పట్టిక జిల్లాలోని సామాన్య భూభాగమునకే పరిమితము. ఏజెన్సీ దానిలో లేదు. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకును మన కొరాపుట్ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1839 నాటి చట్టముచేత ఈ కొండసీమ సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి ఏజెంటుగారి చేతిలో నుండెను. కనుక పట్టిక వ్రాసిన గుమాస్తాలు కనుమల దాక వచ్చి నిలిచిపోయిరి. బ్రాహ్మణేతరుల ఇండ్లకును పోలేదు. ఒక దురాచారమును లెక్కించుటకు ఒక కులమును ఎన్నుకొనుట తప్పని నేననను. కాని లెక్కలో లేనివారు విధానములో గూడ లేకపోదురను సత్యమును కొండలలో నివసించు మనము మరువరాదు.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. కొండజాతులలో గూడ వరుని పక్షమువారు వధువు ఇంటివారికి మూల్య మిచ్చు ఆచారము కలదు. పై చూపునకు అదియును కన్యాశుల్కమే. కాని అచ్చట సాధారణముగా పెండ్లి ఈడు వచ్చిన పిల్లకే పెండ్లి. ఆమె ఇష్టమునకు చోటు కలదు. ఆ మూల్యము పనిచేయు బిడ్డను కోల్పోవు ఇంటికి చేయు గౌరవము. నాటకములో లుబ్ధావధానులకు సుబ్బిని 1,800 రూపాయలకు కుదుర్చుట వంటిది గాదు. బయటనుండి వచ్చు దాత రెండిటికిని ఒకే పేరు పెట్టినచో మేలు చేయబోయి అవమానము చేసినవాడగును.

రెండవ దోషము సాక్ష్యము. ఆ పట్టికలో పిల్ల వయస్సునకును వెలకును లెక్క కలదు. పిల్ల మాటకు గడి లేదు. నాటకమున గూడ సుబ్బి పెండ్లి చుట్టును కథ తిరుగుచున్నను సుబ్బికి చెప్పుకొనదగిన మాట లేదు. అయితే ఈ లోటు అప్పారావుగారికి తెలియకపోలేదు. మనమిప్పుడు చదువు 1909 నాటి కూర్పులో సౌజన్యారావు పంతులుగారిని చూడుడు. ఆయన సజ్జనుడు, పరోపకారి, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించినవాడు. అట్టివాడు వేశ్యను కంట చూడనను నియమము గలవాడు. లుబ్ధావధానులను ఆపదనుండి తప్పించు రహస్యమును తెచ్చినది మధురవాణి. ఆమె ఆయన గడప దాటుటకు పురుషవేషము వేసికొనవలసి వచ్చెను! దాత యెంత మంచివాడైనను, తన ఇంటి తలుపు ఎవరికి మూసియున్నదో చూచుకొననిచో ఆ మంచితనము సగమే. మహారాజునకు అంకితమైన గ్రంథముననే ఈ చురక పెట్టుట అప్పారావుగారి ధైర్యము.

బాల్యవివాహ నిరోధమునకు శారదా చట్టము 1929లో వచ్చినది. పీఠిక వెలువడి అప్పటికి ముప్పదిరెండేండ్లు. ఆ చట్టము ఆడపిల్లల కనీస వయస్సును 14 యేండ్లుగా నిర్ణయించెను. తరువాత మన తెలుగువారిలో మరియొక మార్పు వచ్చెను. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయిగారు బాల్యముననే వివాహితురాలై, పెద్దయై ఆ వివాహమును త్రోసిపుచ్చి, మదరాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిరి. రాజ్యాంగ సభలోను, ప్రణాళికా సంఘములోను సభ్యురాలై, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైరి. స్త్రీవిద్యపై 1958లో నియమితమైన జాతీయ సంఘమునకు గూడ ఆమెయే అధ్యక్షురాలు. మహారాజుగారి పట్టికలో ఒక అంకెగా మిగులవలసిన పిల్ల విధానము వ్రాయు బల్ల వద్ద కూర్చుండెను. దానమునకు ఇంతకంటె మంచి ఫలము లేదు: పుచ్చుకొనువారు ఇచ్చువారి కుర్చీలోనికి వచ్చుట.

మన సీమకు వత్తము. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు తెలుగు కవి, విద్యాప్రియులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చిన మహాదాత. వాల్తేరులోని విజ్ఞాన కళాశాల ఆయన పేరు దాల్చినది. తెలుగువారు ఆయనకు ఎప్పటికిని ఋణపడియుందురు. అయినను విమర్శకుడు ఒక ప్రశ్న అడుగక తప్పదు. ఆ లక్ష యే పొలముల శిస్తునుండి వచ్చినది? ఈ కొండపొలములనుండియే గదా. సముద్రతీరమున ప్రయోగశాలలు వెలసినవి. 2011 జనాభా లెక్కలలో కొరాపుట్, రాయగడ జిల్లాలు రెంటను స్త్రీల అక్షరాస్యత నూటికి 40 దాటలేదు. ఇందుకు ఒక్క దాతను నిందించుట అన్యాయము. ఎన్నియో ప్రభుత్వములు నడుమ గడచినవి. కాని ఎవరి కష్టమునుండి దానము పుట్టినదో వారు దాని ఫలమునకు దూరముగా నుండుట ఇచ్చట కన్నులకు కట్టుచున్నది.

ఇచ్చటి ఋణబంధమును గూర్చి గోపీనాథ మహాంతిగారు 1945లో ఒడియాలో 'పరజా' నవల వ్రాసిరి. ఆయన మహారాజు కాడు, సర్కారు ఉద్యోగి. అడవిశాఖ జుల్మానా చెల్లింపలేక షావుకారు వద్ద అప్పుచేసి, గోతియై, భూమిని పోగొట్టుకొను సుక్రు జాని కథ అది. తరువాత చట్టములు వచ్చినవి: గిరిజనుల భూమి ఇతరులకు పోకుండ 1956లో ఒరిస్సా నిబంధన, వెట్టి రద్దు చేయుచు 1976లో కేంద్రచట్టము. ఆ నవలలోని షావుకారు ఏ భాష మాట్లాడినను, మైదానమునుండి కనుమలెక్కి వచ్చిన వర్తకులలో మనవారును ఉండిరని మనము ఒప్పుకొనవలెను. కన్యాశుల్కమును చదివి బ్రాహ్మణులు సిగ్గుపడగలిగినప్పుడు, 'పరజా'ను చదివి మనము సిగ్గుపడుట తప్పు గాదు.

దాత లేకయే, లెక్కింపబడువారు తామే నోరు విప్పిన దృష్టాంతము గూడ మన రాయగడలో కలదు. 2013లో సుప్రీముకోర్టు తీర్పు ననుసరించి నియమగిరి గనులపై గ్రామసభలు జరిగినవి. రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తము పండ్రెండు పల్లెలు. పండ్రెండును గనులు వలదనినవి. ఆ పట్టికలో మాటకు గడి యున్నది.

ఇట్లు పెద్దల తప్పులెన్ను నేను ఏపాటివాడను? ఒకప్పుడు వసతిగృహములోని కొండపిల్లల విద్యార్థివేతనముల పట్టిక నా బల్లమీదికి వచ్చెను. ఒక పిల్లకు సంరక్షకుని పేరుగల గడి ఖాళీగా నుండెను. నియమము ప్రకారము ఆ కాగితమును ప్రక్కన పెట్టితిని. ఆమెకు తండ్రి లేడనియు, తల్లి పేరు వ్రాసిన చాలుననియు విచారించు ఓపిక నాకు లేకపోయెను. మార్చి 31 గడచెను. ఆ సంవత్సరపు సొమ్ము మురిగిపోయెను. తరువాతి యేటి పట్టికలో ఆ పేరు లేదు. నాటినుండి ఖాళీ గడి చూచినప్పుడెల్ల నాకు గుండె కలుక్కుమనును. మా అమ్మాయి పెండ్లి లెక్కల పుస్తకములో నేనిచ్చిన కట్నమును 'ఇతర ఖర్చులు' అను పద్దుక్రింద వ్రాసికొంటిని. వరకట్న నిషేధ చట్టము 1961 నాటిది. ఆ సంగతి నేనెరుగుదును; గుమాస్తాను గదా!

కావున మన సంఘమునకు ఒక విన్నపము. మనము ఏటేట పంకాలు, గడియారములు, బీరువాలు దానముచేసి వానిపై పేర్లు చెక్కించుచున్నాము. అది మంచిదే. ఈ సంవత్సరము ఒక పట్టిక గూడ వ్రాయుదము. గడచిన మూడేండ్లలో మన కుటుంబములలో జరిగిన పెండ్లిండ్లెన్ని? ఎన్నింట కట్నము చేతులు మారినది? మన ఇండ్లలో పనిచేయు కొండపిల్ల లెందరు, వారిలో బడికి పోవువారెందరు? మూడవ గడి ఒకటి: ఆ పిల్ల యేమనినది? అప్పారావుగారు చెప్పినట్లే మన పట్టికయు సమగ్రము గాదు. ఒప్పుకొనుటకు ఎవరును ఇష్టపడరు. అయినను వ్రాయుదము. వ్రాసి, మన పేర్లు ముందు వ్రాసి, తరువాత అధికారుల యొద్దకు పోవుదము.

మొదటి వరుసలో నా పేరు వ్రాసికొనుడు. కట్నము గడిలో సంఖ్యను నేనే చెప్పెదను.