మోచేయి ముందు, పాదం తర్వాత

“బల్ల దగ్గరికి వెళ్ళగానే కుర్చీ లివరు మీద చెయ్యి వేయకండి. పక్కన నిలబడి, ఆ మనిషి తన పని తాను చేసుకుంటుంటే ఐదు నిమిషాలు ఊరికే చూడండి.” హైదరాబాదులో ఒక ఆఫీసులో జరిగిన శిక్షణకు వెళ్ళినప్పుడు నేను విన్న మొదటి మాట ఇది. నేర్చుకోవడానికి వచ్చిన ఎనిమిది మందిలో డాక్టరు లేడు, ఇంజనీరు లేడు. హెచ్ఆర్ వాళ్ళు, అడ్మిన్ వాళ్ళు, ఇద్దరు లెక్కల విభాగం వాళ్ళు. తోటి ఉద్యోగులు కంప్యూటర్ ముందు ఎలా కూర్చుంటున్నారో చూసి, తేడా ఉంటే కనిపెట్టి, సరిచేయించడం ఇకనుంచి వీళ్ళ పని. ఆ ఆఫీసు బ్రిటన్ కంపెనీల ఖాతాలు రాస్తుంది. అందుకే వాళ్ళ చేతికి వచ్చిన పత్రం కూడా బ్రిటన్‌దే.

అక్కడి ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ తయారు చేసిన చెక్‌లిస్టు అది. 1990లో యూరప్ దేశాల ఉమ్మడి ఆదేశం ఒకటి వచ్చింది. దాన్ని అనుసరించి బ్రిటన్ 1992లో నిబంధనలు రాసుకుంది. అవి 1993 జనవరి 1 నుంచి అమలయ్యాయి. రోజూ గంటకు తగ్గకుండా ఏకధాటిగా తెర ముందు పనిచేసేవారి బల్ల, కుర్చీ, యంత్రం అన్నిటినీ యజమాని పరిశీలింపజేయాలి. ఇది చట్టం. కానీ ప్రతి బల్ల దగ్గరికీ నిపుణుడిని పంపడం జరిగే పని కాదు. కొద్దిపాటి శిక్షణతో మామూలు గుమాస్తా చూడగలిగేలా పత్రాన్ని రాయాలి. అలా రాయడంలోనే దాని పనితనమంతా ఉంది.

ఒక్క చిన్న సంగతి చూడండి. చివర కూర్చున్న మనిషిని అడిగేవి తప్పిస్తే, మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు అవును, కాదు అంతే. వీటిలో ఏ ప్రశ్నకైనా ‘అవును’ వస్తే పరవాలేదని, ‘కాదు’ వస్తే పని మిగిలి ఉందని అర్థం. ఎక్కడా తలకిందులవదు. ఇది చాలా తేలికని అనుకుంటాం గాని, ముప్ఫై ప్రశ్నల పత్రం రాసి చూస్తే తెలుస్తుంది, రెండో పేజీకే మన ప్రశ్నలు అటూ ఇటూ తిరిగిపోతాయి. ఇక్కడ మాత్రం నింపిన కాగితాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూస్తే చాలు, ఎక్కడ ఇబ్బంది ఉందో కళ్ళకు కడుతుంది. ప్రతి ప్రశ్న పక్కనే ఏమేం ఆలోచించాలో ఉంటుంది. ఆ పక్కన ఏం చేయబోతున్నారో రాయడానికి ఖాళీ గడి. ‘కాదు’ అని టిక్కు పెట్టి, ఆ గడిని ఖాళీగా వదిలేసి వెళ్ళడానికి మనసొప్పదు.

అసలు నేర్పు కుర్చీ దగ్గర కనిపిస్తుంది. మనలాంటివాళ్ళం పాదాలు నేలకు ఆనేలా కుర్చీని ముందు దించుకుంటాం. దాంతో బల్ల ఎత్తయిపోతుంది, భుజాలు పైకి లేస్తాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఈ పత్రం వేరే వరస నేర్పుతుంది. ముందు చేతులు. ముంజేతులు నేలకు సమాంతరంగా కీబోర్డు మీదికి వచ్చేదాకా కుర్చీని లేపాలి. తర్వాత తెర. దాని పై అంచు ఇంచుమించు కళ్ళ ఎత్తుకు రావాలి. చిట్టచివర పాదాలు. అప్పటికి అవి నేలకు అందకపోతే కుర్చీని దించకూడదు, కాళ్ళ కింద ఫుట్‌రెస్ట్ పెట్టాలి. కారణం తేలికే. చాలా ఆఫీసుల్లో బల్ల ఎత్తు మారదు. మారనిదాన్ని బట్టి మారేవాటిని సర్దుకోవాలి. మూడు కొలతలు ఎవరికైనా తెలుస్తాయి, ఏది ముందో తెలియడమే విద్య. పొట్టివాళ్ళకు ఈ వరస మరీ అవసరం. మన దేశస్థుల శరీర కొలతలు సేకరించి దేబ్‌కుమార్ చక్రబర్తి 1997లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ నుంచి ఒక పుస్తకమే తెచ్చారు. అయినా ఇప్పటికీ మన ఆఫీసుల్లో ఎంతమంది ఆడవాళ్ళ పాదాలు గాల్లో వేలాడుతుంటాయో వంగి చూస్తే గాని తెలియదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది అద్దం. తెర మీద వెలుతురు పడి మెరుస్తుంటే ఆ వెలుగు ఎక్కడిదో చెప్పడం కష్టం. కిటికీదో, పై లైటుదో, ఎదుటి గోడదో! పత్రం చెప్పే ఉపాయం, తెర ముందు ఒక అద్దం పెట్టి చూడమని. ఆ రోజు ఒకమ్మాయి హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అద్దం తీసి పెట్టింది. అందులో వెనకవైపు పడమటి కిటికీ నిండుగా కనిపించింది. అప్పటిదాకా అందరూ ట్యూబులైటునే అనుమానిస్తున్నారు. పరికరాలేవీ అక్కర్లేకుండా, పది రూపాయల అద్దంతో తేలిపోయింది. బల్లను పక్కకు తిప్పారు.

కీబోర్డు మీద వేళ్ళు ఆడే తీరు గురించి కూడా ఒక ప్రశ్న ఉంది. మణికట్టు పైకి వంచడం, మీటలను గట్టిగా కొట్టడం, వేళ్ళను సాగదీయడం మాన్పించాలంటుంది. అది చదవగానే మా ఊరి టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చింది. అక్కడ మాస్టారు మణికట్టు తిన్నగా ఉంచమని పోరేవారు, అది ఇప్పటికీ పనికొస్తోంది. కానీ అచ్చు పడాలంటే మెషీన్ మీట గట్టిగా కొట్టాల్సిందే. టైపులో లోయర్, హయ్యర్ పాసై కంప్యూటర్‌కు వచ్చిన మా తరం వేళ్ళలో ఆ దెబ్బ అలాగే ఉండిపోయింది. మెత్తటి మీటలకు అంత బలం అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు.

ల్యాప్‌టాప్ సంగతి ఆ సంస్థ రెండు ముక్కల్లో తేల్చింది. తెర ఎత్తితే మీటలూ లేస్తాయి కాబట్టి విడి కీబోర్డు, మౌస్ తప్పవు. విరామం విషయంలో రెండు గంటలకోసారి ఇరవై నిమిషాల కంటే, గంటకోసారి ఐదు పది నిమిషాలు మేలట. పరిశీలకుడికి ఉండవలసిన లక్షణాల్లో తన హద్దు తనకు తెలియడం కూడా ఒకటని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. నొప్పికి మందు చెప్పడం అతని పని కాదు. తనకు అంతుపట్టనిది తెలిసినవాళ్ళకు అప్పగించాలి.

మధ్యాహ్నం ఎవరికి వారు ఒక్కో బల్ల పంచుకున్నారు. అడ్మిన్ కుర్రాడికి లెక్కల విభాగంలో యాభై దాటిన ఒకావిడ బల్ల వచ్చింది. చెప్పినట్టే ఐదు నిమిషాలు నిలబడి చూశాడు. ఆవిడ నడుము కుర్చీకి ఆనడం లేదు, అంచున కూర్చుని ఉంది. నడుముకు ఆధారం ఉందా అన్నచోట ‘కాదు’ అని టిక్కు పెట్టి, పక్క గడిలో కొత్త కుర్చీ అని రాశాడు. కుర్చీ ఎత్తు సరిచేశాడు, పాదాలు తేలాయి. ఫుట్‌రెస్ట్ వచ్చేదాకా అని రెండు కాగితాల కట్టలు కాళ్ళ కింద పెట్టాడు. అయినా ఆవిడ అంచుకే జరిగింది.

పత్రం చివర, ఇందులో అడగని ఇబ్బంది ఇంకేమైనా ఉందా అని కూర్చున్న మనిషినే అడిగే ప్రశ్న ఉంటుంది. కుర్రాడు మొహమాటంగానే అడిగాడు. “ఇంకేమైనా ఉందా మేడమ్?”

ఆవిడ మేనేజరు గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “కుర్చీది తప్పేం లేదు బాబూ. సారు ఎప్పుడు పిలుస్తారో తెలీదు. వెనక్కి వాలి కూర్చుంటే లేవడం ఆలస్యమవుతుంది. చూసేవాళ్ళకీ బాగుండదు. ఇరవై ఏళ్ళ నుంచీ ఇలాగే అలవాటు.”

అతను కొత్త కుర్చీ అన్న మాట కొట్టేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఆ గడిలో రాశాడు. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పాడు.