చేతి ఆట, గొంతు కథ: ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ గుణదోష పరిశీలన

ప్రవేశిక

పురాణకథ ప్రతి యుగంలోనూ ఆనాటి మాధ్యమాన్ని ఆశ్రయించి కొత్త రూపం ధరిస్తుంది. తెలుగునాట రామాయణ భారతాలు కావ్యంగా, ద్విపదగా, యక్షగానంగా, తోలుబొమ్మలాటగా, హరికథగా, చలనచిత్రంగా రూపాంతరం చెందిన క్రమం సాహిత్యచరిత్ర పరిశోధకులకు సుపరిచితం. ఈ వరుసలో తాజాగా చేరినది వీడియోగేమ్. చూసేవారు, వినేవారు అన్న స్థితి నుంచి శ్రోతను కథలో చేయి పెట్టి నడిపించే స్థితికి తెచ్చిన మాధ్యమమిది. అందువల్ల పురాణ పునఃకథనాన్ని విలువకట్టేందుకు సాహిత్యవిమర్శ వాడే కొలమానాలు దీనికి ఎంతవరకు సరిపోతాయన్న ప్రశ్న సహజంగానే ఎదురవుతుంది.

చైనాకు చెందిన ‘గేమ్ సైన్స్’ సంస్థ రూపొందించి 2024 ఆగస్టు 20న విడుదల చేసిన ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ. విడుదలైన మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడైన ఈ పాత్రధారణ గేమ్‌కు ఆధారం, మింగ్ వంశ కాలంలో వెలువడి వూ చెంగెన్ రచనగా ప్రసిద్ధమైన నూరు అధ్యాయాల నవల ‘షీయూజీ’, అంటే ‘పశ్చిమ యాత్ర’. ఈ గేమ్ గుణదోషాలను నిర్ణయించడం, ఆ నిర్ణయానికి తెలుగు ప్రదర్శన సంప్రదాయం నుంచి ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యాలు.

ప్రమాణం: తోలుబొమ్మలాట

కపివీరుణ్ణి నాయకుడిగా నిలిపిన వీడియోగేమ్ తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ రూపొందించగా సోనీ సంస్థ 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రానికి విడుదల చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఇందుకు నిదర్శనం. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ గేమ్‌గా అది ప్రచారం పొందింది. ఆరాధ్యదైవమైన హనుమంతుణ్ణి ఆటగాడు చేతి మీటతో ఆడించడం దైవాన్ని కించపరచడమేనని అమెరికాలోని హిందూ ప్రతినిధి రాజన్ జెడ్ అప్పట్లో అభ్యంతరం తెలిపారు.

భక్తుల మనోభావాల దృష్ట్యా ఆ అభ్యంతరాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే తెలుగు ప్రదర్శనకళల చరిత్ర దానికి పూర్తిగా మద్దతు ఇవ్వదు. తోలుబొమ్మలాటలో రాముడూ హనుమంతుడూ కళాకారుడి చేతిలోని పుల్లల ఆధారంగానే కదులుతారు. తెర ముందు కూర్చున్న పల్లెజనం దాన్ని అపచారంగా భావించలేదు, భక్తితోనే చూశారు. ఇందుకు కారణం ఒకటే: అక్కడ చేయి ఒంటరిగా పనిచేయదు. బొమ్మను ఆడించే మనిషే పద్యం పాడతాడు, సంభాషణ పలుకుతాడు, యుద్ధఘట్టంలో కాలికింది బల్లను మోగిస్తాడు. రంగనాథ రామాయణ ద్విపద ఆ చేతికి తోడుగా ఉంటుంది. చేయి కదలిక ఇస్తే గొంతు దానికి అర్థం ఇస్తుంది.

దీని నుంచి ఒక ప్రమాణాన్ని రాబట్టవచ్చు. చేతితో ఆడించే పురాణ పునఃకథనంలో చేతికీ గొంతుకూ ఎంత పొత్తు కుదిరిందన్నదే ఔచిత్య నిర్ణయానికి ఆధారం. ఇక్కడ ‘గొంతు’ అంటే పాట, పాఠం, సంభాషణ, కథనస్వరం అన్నీ కలిసినది.

వస్తు స్వీకరణ: ప్రఖ్యాతం నుంచి మిశ్రానికి

దశరూపకకారుడు చెప్పిన ప్రఖ్యాత, ఉత్పాద్య, మిశ్ర భేదాల్లో ఈ గేమ్ కథావస్తువు మిశ్రం. నవల ముగిసిన చోట ఈ కథ మొదలవుతుంది. నవల చివర బుద్ధత్వం పొందిన సున్ వూకాంగ్ దాన్ని వదులుకొని తన కొండకు తిరిగిపోదలుస్తాడు. ఎర్లాంగ్ దేవుడి నాయకత్వంలో దివ్యసైన్యం అతణ్ణి అడ్డగిస్తుంది. పోరులో అతని తలచుట్టు బంగారు కడియం తిరిగి ప్రత్యక్షమై బిగుసుకుంటుంది. అతడు రాయిగా మారిపోతాడు. అతని శక్తి కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరం, మనస్సు అనే ఆరు అవశేషాలుగా చెదిరిపోతుంది. బౌద్ధం చెప్పే షడాయతనాలే ఇవి. వాటిని వెదికి కూర్చే ఒక అనామక వానరుడి పాత్రను ఆటగాడు ధరిస్తాడు.

ఈ ఏర్పాటులో నిర్మాతల వివేకం కనిపిస్తుంది. ఉపోద్ఘాత ఘట్టాన్ని మినహాయిస్తే ఆటగాడు వూకాంగ్‌ను ఆడించడు, వూకాంగ్ వారసుణ్ణి ఆడిస్తాడు. 2009 నాటి అభ్యంతరానికి కథాశిల్పంలోనే లభించిన సమాధానమిది. ఆరాధ్యపాత్ర స్మృతిగా, గమ్యంగా నిలిచి ఉంటుంది; దాన్ని అందుకోవలసిన సాధకుడు మాత్రమే ఆటగాడి చేతికి చిక్కుతాడు.

మూలంలోని చిన్న పాత్రలను పెంచిన తీరు కూడా గమనించదగినది. నవల 16వ అధ్యాయంలో కాషాయవస్త్రం కాజేసేందుకు కుట్ర పన్నే సన్యాసులుగా మాత్రమే కనిపించే గువాంగ్‌జీ, గువాంగ్‌మౌ ఇక్కడ సొంత గతం ఉన్న మాయాజీవులయ్యారు. నవలలో జూ బాజియె, సాలెపురుగు కన్యల ఘట్టం కామహాస్యప్రధానం. గేమ్ నాలుగో అధ్యాయంలో అదే ఘట్టం పూర్వజన్మ ప్రణయం మోసుకొచ్చిన విషాదమైంది. హాస్యరసం కరుణకు చోటిచ్చింది. మూలంలో బీజంగా ఉన్నదాన్ని మొలకెత్తించిన మార్పు కాబట్టి దీన్ని దోషంగా ఎంచడం తగదు.

గుణాలు: గొంతు పలికిన చోట్లు

ఈ గేమ్ ప్రధాన గుణం ప్రాంతీయ కళలపై ఉంచిన నమ్మకం. రెండో అధ్యాయంలో తలలేని గాయకుడొకడు మూడుతీగల వాద్యం మీటుతూ కథ పాడతాడు. అది ఉత్తర షాన్‌షీ ప్రాంతపు జానపద కథాగాన శైలి. దాన్ని ఆ ప్రాంత కళాకారుడి గొంతుతోనే పాడించారు. బుర్రకథ, ఒగ్గుకథ ఎరిగిన తెలుగు శ్రోతకు ఆ దృశ్యం పరాయిగా తోచదు. కథకుడికి తల లేకపోయినా కథ ఆగలేదన్న ధ్వని అందులో ఉంది.

రెండో గుణం శిల్పసంపద వినియోగం. చైనాలోని 36 వాస్తవ స్థలాలను ఆధారం చేసుకున్నారనీ, వాటిలో 27 షాన్సీ రాష్ట్రానివేననీ ప్రకటితమైంది. షియావోషీతియన్ ఆలయపు వేలాడే శిల్పాలు, యుంగాంగ్ గుహాబుద్ధులు తెరమీద సాక్షాత్కరిస్తాయి. గేమ్ విడుదల తర్వాత ఆ రాష్ట్రానికి యాత్రికుల తాకిడి పెరిగింది.

మూడోది పాఠ్యభాగం. ఓడిన ప్రతి ముఖ్య ప్రతినాయకుడికీ చిత్రపటంతోపాటు ఒక పద్యం, ఒక చిన్నకథ లభిస్తాయి. రెండువందలకు పైబడిన ఈ కథలు ఆటతో పనిలేకుండా విడి సంపుటంగా చదువుకోదగిన స్థాయిలో ఉన్నాయి. రాక్షసుడు ఎందుకు రాక్షసుడయ్యాడన్న ప్రశ్నను అవి వదలిపెట్టవు. అధ్యాయాంతాల్లో వేర్వేరు చిత్రణరీతుల్లో వచ్చే లఘుచిత్రాలు ఇదే ధోరణిని కొనసాగిస్తాయి.

నాలుగోది అనువాద విధానం. ఆంగ్ల పాఠంలో ‘డ్రాగన్’ అనే సిద్ధపదాన్ని వాడక చైనా మాట ‘లూంగ్’ను నిలిపారు, మాయాజీవులను ‘యావోగ్వాయ్’ అనే పేరుతోనే ఉంచారు. నాగుణ్ణి ‘స్నేక్’గా, రాక్షసుణ్ణి ‘డీమన్’గా కుదించే అలవాటుతో విసిగిన భారతీయ అనువాదకులకు ఈ నిర్ణయం ఆలోచించదగిన ఆదర్శం.

చేతి విషయంలోనూ కొంత సఫలత ఉంది. నవలలో పీచుపండ్ల తోటలో దేవకన్యలను కదలకుండా నిలిపేసిన స్తంభన విద్య, వెంట్రుకలు పీకి ప్రతిరూపాలను సృష్టించే విద్య ఇక్కడ ఆటగాడు ప్రయోగించే క్రియలయ్యాయి. నిలబెట్టిన దండం మీదికెక్కి పోరాడే భంగిమలో వానరస్వభావం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మూడింటిలో చేయి చేసే పనే కథ చెబుతుంది.

దోషాలు: చేయి ఒంటరైన చోట్లు

అయితే ఈ పొత్తు గేమ్ పొడవునా నిలవదు. కథ చిత్రపటాల్లో, లఘుచిత్రాల్లో, పాటలో ఉంటే ఆట దాదాపు ఆద్యంతం యుద్ధంలో ఉంటుంది. శత్రువు ఓడిన తర్వాత గాని అతని కథ చేతికి రాదు. ఆ కథ చదివి అతనిపై జాలి కలిగినా చేయడానికి ఏమీ మిగలదు. పైగా అతని ఆత్మ తర్వాతి పోరుకు ఆయుధమవుతుంది. కరుణ పుటలో ఉండిపోతుంది, వీరం చేతిలో ఉండిపోతుంది. బొమ్మలాటలో ఒకే మనిషిలో కలిసిన చేయీ గొంతూ ఇక్కడ రెండు గదుల్లో కాపురం చేస్తున్నాయి.

రెండో దోషం నాయకుడి మౌనం. నవలలోని వూకాంగ్ వాచాలుడు, ఎగతాళి చేస్తాడు, బేరమాడతాడు, దేవతల వాకిళ్లకు వెళ్లి సాయం అడుగుతాడు. ఇనుపవిసనకర్ర రాకుమారిని ఆయన గెలిచిన తీరులో బలం కంటే యుక్తి పాలు ఎక్కువ. వూకాంగ్‌కు హనుమంతుడే మూలమని హు షి, కాదు చైనా జలభూతమే మూలమని లు షున్ వాదించారు. ఆ వాదం ఎలా తేలినా వాక్చాతుర్యం ఇద్దరి ఉమ్మడి లక్షణం. కిష్కింధకాండలో రాముడు హనుమంతుణ్ణి మొదట మెచ్చుకున్నది మాటతీరును చూసే. గేమ్ నాయకుడు మాత్రం ఒక్కమాట పలకడు. జ్ఞానేంద్రియాలు చెదిరిన కథ కనుక మౌనం సాభిప్రాయమని సమర్థించవచ్చు. ఆ సమర్థన నాలుగో అధ్యాయం దాకానే నిలుస్తుంది. ఆ అధ్యాయంలో లభించే అవశేషం నాలుక. అది దక్కిన తర్వాత కూడా అతడు మౌనంగానే ఉంటాడు. సంకేతం సిద్ధంగా ఉండి కూడా క్రియగా మారలేదు.

మూడోది యాత్రాలోపం. ‘పశ్చిమ యాత్ర’కు చారిత్రక మూలం 7వ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్. ఆయన ఆంధ్రదేశానికీ ధాన్యకటకానికీ వచ్చి ఇక్కడి బౌద్ధారామాలను వర్ణించిన సంగతి తెలుగు చరిత్ర విద్యార్థికి తెలిసిందే. నవలలో ఆ గురువు భీరువే అయినా నలుగురు శిష్యులను కలిపి ఉంచిన సూత్రం ఆయనే. గేమ్‌లో ఆ గురుపాత్ర లేదు, సహయాత్ర లేదు. బాజియె తోడు కొద్దిపాళ్లే. దారి అంటే రెండు పోరాటాల నడుమ దూరంగా కుదించుకుపోయింది.

స్థలనిర్మాణంలోని లోపాన్నీ దీనితో కలిపి చూడాలి. ఎదురుగా కనిపించే గుట్టమీదికి వెళ్లబోతే కంటికానరాని గోడ ఆపుతుంది. ఏ దారి నిజమో ఏది చిత్రమో తెలియదు. దారి చూపే పటాన్ని కూడా 2024 డిసెంబరులో గాని చేర్చలేదు. అంత శ్రద్ధతో కొలిచి తెచ్చిన ఆలయాలు చాలాచోట్ల నేపథ్య చిత్రాలుగా మిగిలిపోవడానికి ఇదే కారణం.

రెండు ముగింపుల్లోనూ ఈ ద్వైధం కనిపిస్తుంది. సాధారణ ముగింపులో బంగారు కడియం కొత్త వానరుడి తలకెక్కుతుంది. మరుగున ఉన్న ముగింపులో ఎర్లాంగ్‌ను గెలిచి వూకాంగ్ స్మృతులు పొందిన వానరుడు కడియం నుంచి తప్పించుకుంటాడు. శక్తిని కూడగట్టడం వేరు, స్మృతిని పొందడం వేరు అన్న గంభీరమైన భావన ఇది. కానీ ఆ ముగింపును చేరే మార్గం అనేక గుప్తఘట్టాల వెనుక దాగి ఉన్నందున, సాధారణ ఆటగాడు కథలోని పరమార్థాన్ని చూడకుండానే ముగించే అవకాశం ఎక్కువ.

తెలుగు సందర్భం

హైదరాబాద్‌లో ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో, 1901లో, చాదర్‌ఘాట్‌కు చేరువలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. తెలుగు చదువరికి తెలుగు గ్రంథం అందాలన్నది ఆ ఉద్యమ సంకల్పం. నేడు అదే ప్రాంతంలోని యువకుడు వానరవీరుడి కథను ఆడుతున్నప్పుడు ఆంగ్లంలో చదవక తప్పదు. ఈ గేమ్‌లో తెలుగే కాదు, ఏ భారతీయ భాషా లేదు. గ్రంథాలయోద్యమం పుస్తకం విషయంలో వేసిన ప్రశ్న ఇప్పుడు తెరకు కూడా వర్తిస్తుంది.

హైదరాబాద్‌లో ఈ గేముల నిర్మాణానికి సాంకేతిక శక్తి ఉందని 2009లోనే రుజువైంది. ఇకమీదట కావలసింది ద్విపద, చిందు యక్షగానం, ఒగ్గుకథ, చేర్యాల పటం వంటి సంప్రదాయాల పాఠాలను నిర్మాతలకు అందించగల పండితుల సహకారం. ఆ పని తెలుగు శాఖల పరిధిలోనిదే.

ముగింపు

‘బ్లాక్ మిత్: వూకాంగ్’ గొంతును సంపన్నంగా సమకూర్చుకుంది, చేతికి మాత్రం దండాన్ని తప్ప మరో పనిని అరుదుగానే ఇచ్చింది. ప్రాంతీయ గానం, శిల్పం, పాఠం, పదరక్షణ దాని గుణాలు. నాయకుడి మౌనం, యాత్రాలోపం, కరుణకు క్రియారూపం లేకపోవడం దాని దోషాలు. గుణాలు నిర్మాతల సాంస్కృతిక విజ్ఞానం నుంచి పుట్టాయి. దోషాల్లో ఎక్కువభాగం యుద్ధమే ఆట అనే ప్రక్రియారూఢి నుంచి వచ్చాయి. పాడడం, అడగడం, క్షమించడం కూడా చేతిపనులుగా మారిన పురాణక్రీడ ఇంకా రావలసే ఉంది. చేతినీ గొంతునూ ఒకే మనిషిలో కలిపిన తోలుబొమ్మలాట తెలుగువారిది కనుక, ఆ క్రీడకు నమూనా వెదికేవారు చాలా దూరం పోనక్కరలేదు.